గేమ్‌కి 40 పాయింట్లు కొడితే ఆఫెన్స్ బాగున్నట్టేనా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: మీ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ గేమ్‌కి 40 పాయింట్ల దాకా కొడుతోంది, పాయింట్ల లిస్టులో చూస్తే పైనే ఉంది, కానీ ఎఫిషియెన్సీ ర్యాంకింగుల్లో (దక్కిన అవకాశాలని ఎంత బాగా వాడుకున్నారో చూసేవి) మాత్రం ఎక్కడో 30ల్లో పడేశారు, ఇది కావాలని తొక్కేయడమా లేక నిజంగానే ఏదన్నా లెక్కుందా, ఉంటే నువ్వే ఎక్సెల్‌లో వేసుకోవడం ఎలా అని. తొక్కేయడం ఏమీ లేదు, లెక్క ఉంది, పెద్ద కష్టం కూడా కాదు. నేను డల్లాస్ పక్కన ఉంటా, వారమంతా డేటా ఉద్యోగం, శనివారం వస్తే మళ్ళీ ఇదే డేటా, ఇంట్లోవాళ్ళు ఎప్పుడో వదిలేశారు నన్ను. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, తీరిగ్గా చదువు.

ముందు పాయింట్స్ పర్ గేమ్ అనే నంబర్ సంగతి చూద్దాం, ఎందుకంటే జనం అందరూ చూసేది అదే, ఆఫెన్స్ (బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఆడేవాళ్ళు) గురించి తక్కువ చెప్పేదీ అదే. అయోవా టీమ్ కథ నీకు తెలియకపోతే ఇక్కడ చెప్పాల్సిందే. 2022లో వాళ్ళ ఆఫెన్స్ గేమ్‌కి 251.6 యార్డులు తీసింది, 131 టీమ్‌లలో 130వ స్థానం. ఆ సీజన్ మొదటి గేమ్‌లో సౌత్ డకోటా స్టేట్ మీద 7-3తో గెలిచారు. 7 అనగానే ఒక టచ్‌డౌన్ (6), మీద ఎక్స్‌ట్రా పాయింట్ అనుకుంటాం కదా, అది కాదు, ఒక ఫీల్డ్ గోల్ (3), రెండు సేఫ్టీలు! సేఫ్టీ అంటే అవతలివాణ్ణి వాడి ఎండ్ జోన్‌లోనే (ఫీల్డ్‌కి వాడి వైపు చివరి భాగం) పడేస్తే మనకొచ్చే 2 పాయింట్లు, అది డిఫెన్స్ కష్టం. అంటే ఆ 7లో ఆఫెన్స్ సంపాదించింది 3, మిగతా 4 వేరేవాళ్ళవి, కానీ పాయింట్స్ పర్ గేమ్ కాలమ్‌లో 7 అనే పడుతుంది.

ఇక్కడితో ఐపోలేదు. సీజన్ అయ్యాక ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ బ్రయన్ ఫెరెంట్స్ కాంట్రాక్ట్ మార్చారు, ఈయన హెడ్ కోచ్ కర్క్ ఫెరెంట్స్ కొడుకే, అందుకని గోల ఇంకాస్త ఎక్కువైంది. జీతం 9 లక్షల డాలర్ల నుంచి 8.5 లక్షలకి దించి, 2023లో టీమ్ గేమ్‌కి సగటున 25 పాయింట్లు కొట్టాలి, కనీసం 7 గేమ్‌లు గెలవాలి అని షరతు పెట్టారు. తమాషా ఏంటంటే ఆ 25లో డిఫెన్స్ కొట్టినవి, స్పెషల్ టీమ్స్ (కిక్‌లు, పంట్‌లప్పుడు ఆడేవాళ్ళు) కొట్టినవి కూడా లెక్కే. ఆఫెన్స్ కోచ్ ఉద్యోగం ఆఫెన్స్ కొట్టని పాయింట్ల మీద కూడా ఆధారపడి ఉంది అన్నమాట! ముందు ఏడాదే కూపర్ డిజీన్ అనే డిఫెన్స్ కుర్రాడు ఒక్కడే మూడు ఇంటర్‌సెప్షన్లని (అవతలివాడి పాస్‌ని మధ్యలో పట్టేసుకోవడం) నేరుగా టచ్‌డౌన్‌కి తీసుకెళ్ళాడు, అలాంటివన్నీ ఆ కోచ్ ఖాతాలోకే. అన్నీ కలుపుకున్నా 2023లో 15.4 దగ్గరే ఆగింది, అక్టోబర్ చివర్లోనే నువ్వు వచ్చే ఏడాది ఉండవు అని చెప్పేశారు. అదే టీమ్ ఆ ఏడాది 10 గేమ్‌లు గెలిచింది, ఆ డిఫెన్స్ అలాంటిది, దానికి తోడు టోరీ టేలర్ అనే పంటర్ (ఆఫెన్స్ ముందుకు కదలలేనప్పుడు బంతిని దూరంగా తన్ని అవతలివాడికి ఇచ్చేసేవాడు), ఆ ఒక్క సీజన్‌లో 4,479 యార్డులు పంట్ చేసి 1938 నుంచి ఎవడూ కదపని రికార్డు కొట్టేశాడు. పంటర్‌కి అంత పని పడిందంటేనే ఆఫెన్స్ ఎలా ఉందో అర్థమైపోవాలి.

సో నీ ఎక్సెల్‌లో మొదటి పని, మీ టీమ్ పాయింట్లలోంచి పిక్-సిక్స్‌లు (ఇంటర్‌సెప్షన్‌తో వచ్చిన టచ్‌డౌన్లు), ఫంబుల్ (చేజారిన బంతి) రిటర్న్ టచ్‌డౌన్లు, కిక్ రిటర్న్‌లు, పంట్ రిటర్న్‌లు, సేఫ్టీలు తీసెయ్. అలాగే ఓవర్‌టైమ్ పాయింట్లు కూడా. కాలేజీలో ఓవర్‌టైమ్ అంటే బంతి నేరుగా అవతలివాడి 25 యార్డ్ లైన్ దగ్గర పెట్టి ఆడండిరా అంటారు, అక్కడి నుంచి స్కోర్ చేయడం ఎంతసేపు. 2018లో టెక్సాస్ ఎ అండ్ ఎం, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) మీద 74-72తో గెలిచింది, ఏడు ఓవర్‌టైమ్‌లు. రెగ్యులేషన్ (మామూలు 60 నిమిషాల ఆట) అయ్యేసరికి స్కోర్ ఎంతో తెలుసా, 31-31. అంటే ఒకళ్ళకి 43, ఇంకొకళ్ళకి 41 పాయింట్లు పెనాల్టీ షూటౌట్ లాంటి ఆటలో వచ్చాయి, కానీ సీజన్ సగటులో అవన్నీ కూర్చుంటాయి. 12 గేమ్‌ల సీజన్‌లో అదనంగా 43 అంటే సగటు మీద మూడున్నర పాయింట్లు పెరిగినట్టే.

రెండో సంగతి, ఎన్ని అవకాశాల్లో కొట్టారు. మనవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, ఒకడు 60 పరుగులు కొట్టాడు అంటే వెంటనే ఎన్ని బంతుల్లో అని అడుగుతాం, కానీ ఇక్కడికొచ్చి ఫుట్‌బాల్ చూడ్డం మొదలెట్టగానే ఆ ప్రశ్న మర్చిపోతాం. ఒక టీమ్ స్నాప్ (బంతి అందించి ప్లే మొదలెట్టడం) అయిన వెంటనే ఇంకో స్నాప్ అని పరిగెత్తుకుంటూ గేమ్‌కి 80 ప్లేలు ఆడుతుంది, ఇంకో టీమ్ గడియారం కరిగిస్తూ 60 ఆడుతుంది, ఇద్దరికీ 420 యార్డులు వచ్చాయంటే మొదటివాడిది ప్లేకి 5.25, రెండోవాడిది ప్లేకి 7. నేలకి ఆకాశానికి ఉన్నంత తేడా. కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ వాళ్ళ టోటల్ ఆఫెన్స్ ర్యాంకింగ్ మాత్రం గేమ్‌కి యార్డుల మీదే, కాబట్టి ఇద్దరూ పక్కపక్కన కనిపిస్తారు.

దీనికి నాకు బాగా నచ్చిన గేమ్ 2018 సెప్టెంబర్‌లో ఓక్లహోమా, ఆర్మీ మధ్య జరిగింది. ఆర్మీ వాళ్ళది ట్రిపుల్ ఆప్షన్, పాస్ దాదాపు వేయరు, మూడు మూడు గజాలు తోసుకుంటూ, ఫోర్త్ డౌన్‌లో (10 గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో చివరిది, దాటితే మళ్ళీ ఫస్ట్ డౌన్) కూడా పంట్ చేయకుండా తోసుకుంటూ బంతిని దాచేస్తారు. ఆ రోజు 60 నిమిషాల ఆటలో 44 నిమిషాలకి పైగా బంతి వాళ్ళ దగ్గరే ఉంది. ఓక్లహోమాకి దక్కింది మొత్తం 40 ప్లేలు. చివరికి ఓవర్‌టైమ్‌లో 28-21తో బతికి బయటపడ్డారు. రెగ్యులేషన్‌లో 21 పాయింట్లు అంటే టీవీలో ఒకటే గోల, ఓక్లహోమా ఆఫెన్స్ ఆగిపోయింది, ఆర్మీ ఆపేసింది అని. ఎక్కడ ఆగింది? ప్లేకి యార్డులు చూస్తే ఆ రోజు కూడా వాళ్ళు దడదడలాడించారు, అవకాశాలే లేవు పాపం. ఆ ఏడాది ఆ టీమ్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసేవాడు) కైలర్ మర్రీకి కాలేజీ ఫుట్‌బాల్‌లో పెద్ద అవార్డు హైస్‌మన్ వచ్చింది, సీజన్ మొత్తం మీద ప్లేకి 8.6 యార్డుల దగ్గర తీశారు, అది మామూలు నంబర్ కాదు. అందుకే టైమ్ ఆఫ్ పొజెషన్ అనే స్టాట్ టీవీలో కనపడితే నేను వాటర్ బాటిల్ తెచ్చుకోడానికి లేస్తా.

ఇంకోటి, పాత సీజన్లతో పోల్చేటప్పుడు జాగ్రత్త. 2023 నుంచి రూల్ మారింది, అంతకుముందు ఫస్ట్ డౌన్ వచ్చిన ప్రతిసారీ గడియారం కాసేపు ఆగేది, ఇప్పుడు ప్రతి హాఫ్‌లో చివరి రెండు నిమిషాల్లో తప్ప ఆగదు, దాంతో గేమ్‌కి ప్లేలు తగ్గాయి. 2019 టీమ్ గేమ్‌కి ఇన్ని యార్డులు, 2024 టీమ్ ఇన్ని అని పక్కపక్కన పెట్టి మాట్లాడేవాళ్ళకి ఇది గుర్తుండదు.

సరే ప్లేకి యార్డులు తీసుకున్నాం, అది చాలా? చాలదు. యార్డులన్నీ ఒకటే విలువ కావు. థర్డ్ అండ్ ఎయిట్‌లో (మూడో ప్రయత్నం, ఇంకా 8 గజాలు కావాలి) 7 గజాలు వస్తే పంట్ చేయాలి, థర్డ్ అండ్ వన్‌లో 2 గజాలు వస్తే డ్రైవ్ (బంతి దక్కిన దగ్గర్నుంచి పోయేదాకా ఆడే వరస ప్లేలు) బతికింది. యార్డుల లెక్కలో మాత్రం 7 గొప్ప, 2 చిన్న. అందుకే సక్సెస్ రేట్ అనేది వచ్చింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో దీన్ని బాగా వాడుకలోకి తెచ్చింది బిల్ కానెలీ, ఇప్పుడు ఈఎస్‌పీఎన్‌లో వచ్చే ఎస్‌పీ ప్లస్ రేటింగ్ ఆయనదే. రూల్ సింపుల్: ఫస్ట్ డౌన్‌లో కావాల్సిన దూరంలో సగం వస్తే ఆ ప్లే సక్సెస్, సెకండ్ డౌన్‌లో 70 శాతం రావాలి, థర్డ్, ఫోర్త్‌లలో మొత్తం రావాలి. ప్రతి ప్లేకి 1 లేదా 0, అంతే. మొత్తం మీద సగటు టీమ్‌కి 40 శాతం పైచిలుకు ఉంటుంది, 50 దాటితే చాలా గట్టి ఆఫెన్స్.

ఒక డ్రైవ్ వేసి చూద్దాం, ఇది నేను ఊరికే లెక్క కోసం రాసుకున్నది. మన 25 దగ్గర ఫస్ట్ అండ్ టెన్, రన్, 5 గజాలు, సగం వచ్చింది కాబట్టి సక్సెస్. సెకండ్ అండ్ ఫైవ్, పాస్, 3 గజాలు, కావాల్సింది మూడున్నర, ఫెయిల్. థర్డ్ అండ్ టూ, రన్, సరిగ్గా 2, సక్సెస్, కొత్త ఫస్ట్ డౌన్. ఇప్పుడు 35 దగ్గర ఉన్నాం. ఫస్ట్ డౌన్ పాస్ కింద పడింది, ఫెయిల్. సెకండ్ అండ్ టెన్ పాస్, 7 గజాలు, సరిగ్గా 70 శాతం, సక్సెస్. థర్డ్ అండ్ త్రీ, క్వార్టర్‌బ్యాక్‌ని పట్టేశారు, సాక్, 8 గజాలు వెనక్కి. ఫోర్త్ అండ్ ఎలెవెన్, పంట్. ఆరు ప్లేలు, మూడు సక్సెస్, అంటే 50 శాతం. వచ్చిన యార్డులు మొత్తం 9.

ఇప్పుడు ఇదే డ్రైవ్ బాక్స్ స్కోర్‌లో ఎలా కనిపిస్తుందో చూడు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సాక్ యార్డులు పాసింగ్‌లోంచి తీస్తారు, కానీ కాలేజీలో సాక్‌ని రన్ కింద రాస్తారు, ఎందుకో ఆ మహానుభావులకే తెలియాలి. కాబట్టి మన రన్నింగ్ లైన్: 3 క్యారీలు, మైనస్ 1 గజం. నిజానికి రన్ అని ఆడింది రెండుసార్లు, రెండూ సక్సెస్, 7 గజాలు. పాసింగ్ లైన్: 3కి 2 కంప్లీట్, 10 గజాలు, ఏదో పర్లేదు అన్నట్టు ఉంది. నిజానికి పాస్ అని వెనక్కెళ్ళింది నాలుగుసార్లు, వచ్చింది 2 గజాలు. మొత్తం తలకిందులు! ఏ టీమ్ రన్ గేమ్ గురించి మాట్లాడాలన్నా ముందు సాక్‌లు తీసి పాస్ వైపు వేసుకో, ఇది చేయకుండా వేసిన ఏ లెక్కా నేను చదవను.

అదే డ్రైవ్‌లో సక్సెస్ రేట్ లోపం కూడా కనిపిస్తోంది. 50 శాతం అని మార్కులు వేసింది, కానీ డ్రైవ్ పంట్‌తో చచ్చింది. 8 గజాల సాక్‌కీ కింద పడ్డ పాస్‌కీ తేడా దానికి తెలియదు, అలాగే 5 గజాల రన్‌కీ 75 గజాల టచ్‌డౌన్‌కీ తేడా తెలియదు. అక్కడే ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్ వస్తాయి. దీని మూలం చాలా పాతది, 1971లో వర్జిల్ కార్టర్, రాబర్ట్ మెకోల్ అని ఇద్దరు కలిసి ఒక పేపర్ రాశారు, ఈ కార్టర్ ఎవరో కాదు, సిన్సినాటి బెంగాల్స్‌కి ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్! ఫీల్డ్‌లో ఏ చోట ఫస్ట్ డౌన్ ఉంటే తర్వాత వచ్చే స్కోర్ సగటున ఎన్ని పాయింట్లు అని లెక్కేశారు. అవతలివాడి 5 యార్డ్ లైన్ దగ్గర ఉంటే 6 పాయింట్ల విలువ, మన 5 దగ్గర ఇరుక్కుంటే మైనస్ ఒకటింబావు, అంటే అక్కడి నుంచి మనకంటే ముందు వాడు స్కోర్ చేసే అవకాశమే ఎక్కువ. ఈ రోజు ఈపీఏ అని అందరూ వాడేది ఇదే, ప్లేకి ముందు విలువ ఎంత, ప్లే అయ్యాక ఎంత, తేడా ఆ ప్లే ఖాతాలో. దీంట్లో సాక్ పడితే గట్టిగా దెబ్బ, థర్డ్ అండ్ వన్‌లో 2 గజాలకి మంచి మార్కులు, ఇంటర్‌సెప్షన్‌కి పెద్ద బండ.

మరి అంత మంచిదైతే ఈపీఏ ఒక్కటే చూస్తే పోదా అంటావు. నేనైతే రెండూ పక్కపక్కన పెట్టుకుంటా. ఈపీఏ సగటుని నాలుగైదు పెద్ద ప్లేలు లాగేస్తాయి, అవి వచ్చే వారం మళ్ళీ వస్తాయన్న గ్యారంటీ లేదు, సక్సెస్ రేట్ అయితే వారం వారం కాస్త నిలకడగా ఉంటుంది. సక్సెస్ రేట్ తక్కువ, ఈపీఏ ఎక్కువ ఉన్న టీమ్ కనిపిస్తే వీళ్ళు లాంగ్ బాంబ్‌ల మీద బతుకుతున్నారు, మంచి సెకండరీ (పాస్‌లు ఆపే డిఫెన్స్ ఆటగాళ్ళు) ఉన్న టీమ్ తగిలిన రోజు కష్టం అని రాసుకో. ఎక్కువసార్లు నిజమవుతుంది. ఫంబుల్స్ సంగతి కూడా అంతే, బంతి నేల మీద పడ్డాక ఎవడికి దొరుకుతుందన్నది దాదాపు సగం సగం, అదృష్టం. మీ టీమ్ పది ఫంబుల్స్ చేసి ఎనిమిది తిరిగి పట్టుకుందంటే పొంగిపోకు.

క్వార్టర్‌బ్యాక్ రేటింగ్ గురించి నువ్వు అడగలేదు కానీ ఎలాగూ దాన్నే పట్టుకొస్తావు కాబట్టి చెప్తా. కాలేజీ ఫార్ములా: యార్డులు ఇంటూ 8.4, టచ్‌డౌన్‌కి 330, కంప్లీషన్‌కి 100, ఇంటర్‌సెప్షన్‌కి మైనస్ 200, మొత్తం కలిపి అటెంప్ట్‌లతో భాగించు. 2019లో ఎల్‌ఎస్‌యూ క్వార్టర్‌బ్యాక్ జో బరో లెక్క వేద్దాం, 527 అటెంప్ట్‌లు, 402 కంప్లీషన్లు, 5,671 యార్డులు, 60 టచ్‌డౌన్లు, 6 ఇంటర్‌సెప్షన్లు. వేస్తే 202.0 వస్తుంది, అప్పటికి అదే రికార్డు, మరుసటి ఏడాదే అలబామా మాక్ జోన్స్ 203.1తో దాటేశాడు. ఇప్పుడు ఆ 100ని 8.4తో భాగించి చూడు, కంప్లీషన్ అయితే చాలు దాదాపు 12 గజాలు ఊరికే ఇచ్చేస్తోంది. పక్కనున్నవాడికి ఒక స్క్రీన్ పాస్ ఇచ్చి వాడు అక్కడే పడిపోయినా 12 గజాల బోనస్! ఇంటర్‌సెప్షన్‌కి కోత మాత్రం 24 గజాలే, అసలు నష్టం దానికి రెట్టింపు దాకా ఉంటుంది. సాక్‌లు అసలు లెక్కలోనే లేవు. 1979లో అప్పటి సగటు 100 వచ్చేలా పెట్టిన ఫార్ములా ఇది, ఇప్పటి ఆటకి సరిపోదు. పొట్టి పాస్‌ల ఆఫెన్స్‌లన్నీ దీంట్లో ఉన్నదానికంటే అందంగా కనిపిస్తాయి.

డ్రైవ్ లెక్కలు కూడా వేసుకో. గేమ్‌కి ఒక టీమ్‌కి 12 డ్రైవ్‌లు అటూ ఇటూ వస్తాయి, ఆఫెన్స్ కొట్టిన పాయింట్లని డ్రైవ్‌లతో భాగించు, హాఫ్ చివర్లో మోకాలేసి టైమ్ చంపిన డ్రైవ్‌లు తీసేసి. సగటు టీమ్‌కి 2 పైచిలుకు ఉంటుంది, 3 దాటితే టాప్. బ్రయన్ ఫ్రీమో అనే ఆయన ఎఫ్‌ఈఐ అని పెట్టి ఏళ్ళ తరబడి ఈ డ్రైవ్‌ల మీదే రేటింగులు కడుతున్నాడు. దీని గొప్ప ఏంటంటే టెంపో (ఎంత వేగంగా ఆడతారన్న) గొడవ పూర్తిగా పోతుంది. లోపం, ఫీల్డ్ పొజిషన్ కలిసిపోతుంది, డిఫెన్స్ బంతి లాక్కుని అవతలివాడి 20 దగ్గర ఇచ్చిన డ్రైవ్, మన 8 దగ్గర మొదలైన డ్రైవ్ ఒకటే అన్నట్టు అవుతుంది, అందుకని డ్రైవ్ ఎక్కడ మొదలైందో పక్క కాలమ్‌లో పెట్టుకో. రెడ్ జోన్ (అవతలివాడి 20 లోపల) పర్సెంటేజ్ మాత్రం చూడకు, దాంట్లో 3 పాయింట్ల ఫీల్డ్ గోల్‌కీ టచ్‌డౌన్‌కీ ఒకటే మార్కు. దాని బదులు అవతలివాడి 40 లోపల ఫస్ట్ డౌన్ వచ్చిన ప్రతి డ్రైవ్‌కీ సగటున ఎన్ని పాయింట్లు వచ్చాయో చూడు.

ఇక అసలు దెబ్బ ఇక్కడుంది, నీ 40 పాయింట్ల టీమ్ 30ల్లో ఉండటానికి ముఖ్య కారణం బహుశా ఇదే: ఎవరి మీద కొట్టారు. 2025 సీజన్‌లో పై డివిజన్‌లో 136 టీమ్‌లు, ఒక్కొక్కళ్ళకి రెగ్యులర్ సీజన్‌లో 12 గేమ్‌లు, అందులో చాలామంది ఒకటి కింద డివిజన్ టీమ్‌తో ఆడతారు. అందరూ అందరితో ఆడే లీగ్ కాదు, ఇద్దరి షెడ్యూళ్ళకి అసలు పోలికే ఉండదు. 1916లో జార్జియా టెక్, కంబర్లాండ్ అనే చిన్న కాలేజీని 222-0తో కొట్టింది, ఆ 222ని సగటులో వేసుకుని చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించు. అంత ఘోరం ఇప్పుడు లేదు కానీ సెప్టెంబర్ స్కోర్లు చూస్తే ఆ వాసన ఇంకా వస్తుంది.

మూడు టీమ్‌లు చెప్తా. 2018 ఓక్లహోమా గేమ్‌కి 48.4 పాయింట్లు. 2019 ఎల్‌ఎస్‌యూ కూడా 48.4. 2020 అలబామా 48.5. పాయింట్స్ పర్ గేమ్‌లో ముగ్గురూ ఒకటే. కానీ ఓక్లహోమా ఆడింది డిఫెన్స్ అంటే పెద్దగా పట్టించుకోని అప్పటి బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో (కొన్ని కాలేజీలు కలిసి ఆడుకునే గ్రూపు), వాళ్ళ డిఫెన్స్ కూడా చిల్లుల జల్లెడ, వెస్ట్ వర్జీనియా మీద 59-56తో గెలిచారు, టెక్సాస్ చేతిలో 48-45తో ఓడారు, అంటే అలాంటి గేమ్‌ల్లో చివరిదాకా కొడుతూనే ఉండక తప్పని పరిస్థితి, స్టార్టర్లని కూర్చోబెట్టే అవకాశమే లేదు. ఎల్‌ఎస్‌యూ ప్లేకి 8 యార్డులకి కాస్త తక్కువే, కానీ ఆడేనాటికి టాప్ 10లో ఉన్న ఏడు టీమ్‌లని కొట్టింది. వాళ్ళ తక్కువ స్కోర్ ఆబర్న్ మీద 23, ఆ ఆబర్న్ డిఫెన్స్ మీద ఆ రోజు కూడా 500 యార్డులు దాటారు. 2020 అలబామాది ఇంకో కథ, కోవిడ్ ఏడాది, వాళ్ళ కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీ వాళ్ళు కాన్ఫరెన్స్ గేమ్‌లు పదే పెట్టుకున్నారు, అంటే సెప్టెంబర్‌లో చిన్న టీమ్‌ని పిలిచి 60 కొట్టే గేమ్ ఒక్కటి కూడా లేదు, 13 గేమ్‌లూ ఎస్‌ఈసీ వాళ్ళు, నోటర్ డామ్, ఒహాయో స్టేటే. ఆ 48.5 మిగతా రెండిటికంటే బరువైనది అని నా అభిప్రాయం, ఎల్‌ఎస్‌యూ వాళ్ళు ఒప్పుకోరు, పర్లేదు. ప్లేకి యార్డులు మాత్రమే చూస్తే ఓక్లహోమా ముందు వస్తుంది, అదే గమ్మత్తు.

ఎక్సెల్‌లో ఎలా అంటే, ప్రతి గేమ్‌కి మీ సక్సెస్ రేట్ రాయి, పక్కన ఆ అవతలి టీమ్ మీ గేమ్ కాకుండా మిగతా గేమ్‌లన్నిటిలో సగటున ఎంత ఇచ్చిందో రాయి, తేడా తీయి. ఒకడు అందరికీ 47 శాతం ఇస్తున్నాడు, మీవాళ్ళు వాడి మీద 50 తీశారు, ప్లస్ 3. ఇంకొకడు 36 మాత్రమే ఇస్తాడు, వాడి మీద మీవాళ్ళు 41 తీశారు, ప్లస్ 5. చూడ్డానికి 50 గొప్పగా ఉంది కానీ అసలు పని జరిగింది 41 వచ్చిన రోజు. తర్వాత ఇంకో మెలిక, ఆ 36 ఇచ్చినవాడు కూడా ఎవరి మీద ఆడి అంత తక్కువ ఇచ్చాడో చూడాలి, వాడి షెడ్యూల్ చెత్తదైతే ఆ 36 కూడా చెత్తే. అందుకని అన్ని టీమ్‌ల ఆఫెన్స్, డిఫెన్స్ నంబర్లని ఒకదాంతో ఒకటి సర్దుతూ మళ్ళీ మళ్ళీ తిప్పాలి, నాలుగైదు రౌండ్లలో సర్దుకుంటుంది. పైథాన్ గానీ ఆర్ గానీ వచ్చుంటే ప్రతి టీమ్‌కి ఆఫెన్స్‌కి ఒక వేరియబుల్, డిఫెన్స్‌కి ఒక వేరియబుల్ పెట్టి రిడ్జ్ రిగ్రెషన్ వేసెయ్, ఒక్క దెబ్బతో ఐపోతుంది. మామూలు రిగ్రెషన్ వద్దు, 12 గేమ్‌లకి అంత డేటా ఉండదు, నంబర్లు పిచ్చిగా ఊగుతాయి. ప్లే-బై-ప్లే డేటా కాలేజ్ ఫుట్‌బాల్ డేటా సైట్‌లో దొరుకుతుంది, ఫ్రీ కీ తీసుకుంటే చాలు.

డేటా దింపాక కింద డివిజన్ టీమ్‌తో ఆడిన గేమ్ మొత్తం పడెయ్, ఆ తర్వాత గార్బేజ్ టైమ్ తీయాలి. నాలుగో క్వార్టర్‌లో తేడా 22 పాయింట్లు దాటితే ఆ తర్వాత ప్లేలు లెక్కలోకి తీసుకోకపోవడం చాలామంది చేసే పని, మూడో క్వార్టర్‌కి 27, అంతకుముందు ఇంకా ఎక్కువ పెడతారు. ఇది రెండు వైపులా పనిచేస్తుంది. 35 పాయింట్ల లీడ్‌లో ఉన్నవాడు బ్యాకప్‌లని దింపి రన్ రన్ రన్ అంటాడు, వాడి సగటు అన్యాయంగా తగ్గుతుంది. 35 వెనకబడ్డవాడికి అవతల లూజ్ డిఫెన్స్ దొరుకుతుంది, ఉత్తి పుణ్యానికి 150 యార్డులు పోగేసుకుంటాడు. మీ టీమ్ ఏ వైపు లాభపడిందో నీకు ఒక్క ఫిల్టర్‌తో తెలిసిపోతుంది.

ఇంకా మూడు నాలుగు గేమ్‌లే అయ్యాయి అంటే మాత్రం ఈ ర్యాంకుల మీద ఎవరితోనూ గొడవ పడకు. ఎస్‌పీ ప్లస్ లాంటివాటిలో సీజన్ మొదట్లో గత ఏళ్ళ ఫామ్, ఎంతమంది పాత ప్లేయర్లు తిరిగొచ్చారు, రిక్రూటింగ్ ఎలా ఉంది అన్నవి కూడా కలుపుతారు, గేమ్‌లు ఆడేకొద్దీ వాటి వెయిట్ తగ్గిస్తారు. మీ టీమ్ 30ల్లో ఉండటంలో ఆ పాత బరువు కూడా కొంత ఉండొచ్చు, అది అక్టోబర్ చివరికి చాలామటుకు దిగిపోతుంది.

బౌల్ గేమ్‌లు (రెగ్యులర్ సీజన్ అయ్యాక జరిగేవి) కలపాలా అని చివర్లో అడిగావు. ప్లేఆఫ్ అయితే కలుపు, మిగతావి నేనైతే కలపను. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి వెళ్ళేవాళ్ళు, ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునేవాళ్ళ లిస్టు) ఉన్నవాళ్ళు చాలామంది ఆడరు, కోచ్ అప్పటికే ఇంకో ఉద్యోగానికి వెళ్ళిపోయి ఉంటాడు. 2023 డిసెంబర్ 30న ఆరెంజ్ బౌల్‌లో జార్జియా, ఫ్లోరిడా స్టేట్‌ని 63-3తో కొట్టింది, ఫ్లోరిడా స్టేట్ ముఖ్యమైన ప్లేయర్లలో చాలామంది ఆ రోజు అసలు ఆడనే లేదు. ఆ 63 జార్జియా సీజన్ సగటులో ఇప్పటికీ ఉంది, నీ షీట్‌లో మాత్రం ఆ వరసకి రంగేసి ఫార్ములా బయట పెట్టు.